ఫ్రేము క్లీనుగా ఉండాలండీ

ముందే చెప్పేస్తున్నాను. నేను ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పే మనిషిని కాను. నేను ఏ సంగతి చెప్పినా మా ఆవిడ దాన్ని నాలుగుతో భాగించి, వచ్చినదాంట్లో సగం నమ్ముతుంది. మా వీధి చివర మందుల షాపాయన ఆ సగం కూడా నమ్మడు. నాకు జ్వరమంటే థర్మామీటరు పెట్టి చూసి గానీ మాత్ర ఇవ్వడు. కాబట్టి కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మీలాంటివాళ్లు ఇది చదివేటప్పుడు, ఏనుగు అని కనబడితే గేదె అనుకోండి, గేదె అని కనబడితే మేక అనుకోండి. మేక అని నేనెక్కడా రాయలేదు, వెతక్కండి.

నేను చేసింది ఒక ప్రభుత్వ కార్యాలయంలో ప్రచార విభాగం ఉద్యోగం. పేరు వినడానికి గంభీరంగా ఉంటుంది గానీ, సారాంశం ఏమిటంటే సభకి కుర్చీలు, కుర్చీలకి మనుషులు, మనుషుల్లో ముఖ్యులకి శాలువాలు దొరికేలా చూడటం. చాలా ఏళ్లు అదే చేసి, మోకాళ్లూ ఓపికా ఒకేసారి అరిగిపోవడంతో ఈమధ్యనే గడువుకి ముందే విరమణ తీసుకున్నాను. ఆ సర్వీసులో నా జుట్టు రెండు విడతలుగా ఊడింది. మొదటి విడతకి మా వంశం కారణం. రెండో విడతకి ఒక ఫొటో ఎగ్జిబిషన్ కారణం.

మాకు కొత్తగా వచ్చిన అధికారి ఉత్సాహవంతుడు. ఉత్సాహం ఆయనది, పని మాది. ఒకరోజు నన్ను పిలిచి, "మన డెల్టా మనుషుల మీద ఒక ఫొటో ఎగ్జిబిషన్ పెడదామండీ. రైతులు, నేతవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, అందరూ ఉండాలి. ఊళ్లో ఫొటోగ్రాఫర్ల సంఘం ఉందటగా, వాళ్ల సాయం తీసుకోండి" అన్నారు.

సాయం అన్న మాట వినగానే నా ఎడమ కన్ను అదిరింది. మనం ఒక్కళ్లమే చేస్తే అది ఒక పని. సాయం వచ్చిందంటే రెండు పనులు. ఆ పనీ చెయ్యాలి, సాయానికి వచ్చినవాళ్లనీ చూసుకోవాలి.

ఆ సంఘం బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కళ్లజోళ్ల షాపు మేడ మీద సమావేశమయ్యేది. అధ్యక్షులవారు పళ్ల డాక్టరు. పెద్దమనిషి, మర్యాదస్తుడు. కాకపోతే ఆయన దగ్గరున్న లెన్సు ఒక కొస విజయవాడలో ఉంటే రెండో కొస కృష్ణ దాటి తాడేపల్లి వైపు ఉండేది. మిగతా సభ్యుల్లో బ్యాంకువాళ్లు, బట్టల వ్యాపారులు, లెక్చరర్లు, రకరకాలవాళ్లు. వాళ్లందరిలోనూ నాకు కనబడిన సామ్యం ఒకటే. వాళ్లకి మనుషులు కనబడరు. లైటు కనబడుతుంది. ఎదురుగా వాళ్ల సొంత బామ్మర్ది నిలబడ్డా, "చెంప మీద లైటు బాగా పడిందండీ" అంటారు తప్ప ఎప్పుడొచ్చావని అడగరు.

ఇంకొక మాట కూడా వాళ్ల నోట తెల్లారినప్పటినుంచీ ఆడేది. "ఫ్రేము క్లీనుగా ఉండాలండీ." అంటే ఫొటోలో ఎవర్ని తీస్తున్నామో ఆ మనిషి తప్ప కరెంటు స్తంభం, ప్లాస్టిక్ బిందె, దారినపోయే దానయ్య, ఏదీ ఉండకూడదు. ఉంటే తరవాత కంప్యూటర్లో తుడిచెయ్యాలి. ఆ తుడిచే విద్య నేర్పడానికి సంఘంలో ఒక మాస్టారు ఉండేవాడు. కార్పొరేట్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే సన్నటి మనిషి. ఆయన తల్చుకుంటే ఇంద్రకీలాద్రిని కూడా లేపేసి దాని చోట మబ్బులు పెట్టగలడని ప్రతీతి.

ఫొటోలు ఇమ్మని అడిగాను. వారం తిరక్కుండా వచ్చిపడ్డాయి. మా సెక్షన్లో సీనియర్ అసిస్టెంట్ మేడమ్ ఒకావిడ ఉండేది. ఎక్కువ మాట్లాడదు, మాట్లాడితే ఎదుటివాడు రెండు రోజులు దాన్ని నములుతూ తిరగాలి. ఆవిడా నేనూ కంప్యూటరు ముందు కూర్చుని తెరిచాం.

మొదటి ఫొటో. సూర్యోదయం, కృష్ణ, నడుంలోతు నీళ్లలో ఒక మనిషి విసురు వల విసురుతున్నాడు. వల గాల్లో గొడుగులా విచ్చుకుంది. అద్భుతం అన్నాను. రెండో ఫొటో. సూర్యోదయం, కృష్ణ, మనిషి, వల. బాగుంది అన్నాను. మూడోది వల. నాలుగోది వల. పదో ఫొటోకి నాకు ఒంట్లో పొలుసులు మొలుస్తున్న అనుమానం వచ్చింది. సాయంత్రానికి ఆ మనిషి మా ఇంట్లో వాళ్లకంటే నాకు బాగా తెలిసిపోయాడు.

విషయం ఏమిటంటే, ప్రతి ఆదివారం పొద్దున్నే సంఘం మొత్తం నది ఒడ్డుకి వెళ్లి పెళ్లి భోజనాల బంతిలా వరసగా నిలబడేది. ఆ మనిషికి కబురుపెట్టేవారు. అతను మంగళగిరి రోడ్డులో షేర్ ఆటో నడుపుతాడు. చిన్నప్పుడు తండ్రి దగ్గర నేర్చుకున్న వల విద్య ఇప్పుడు ఈ కళాసేవకి మాత్రమే పనికొస్తోంది. అధ్యక్షులవారు "ఒన్, టూ, త్రీ" అనగానే అతను విసురుతాడు. కెమెరాలన్నీ ఒకేసారి మిషను కుట్టినట్టు మోగుతాయి. ఆ చప్పుడుకి ఆ పక్క చేపలన్నీ ఏలూరు కాలవలోకి మకాం మార్చాయని చెప్పుకునేవారు. చెప్పుకున్నది నేనే.

సమావేశంలో అడిగాను. "అన్నీ ఒకటే కదండీ?"

అధ్యక్షులవారు నావైపు, పుచ్చిన దవడ పన్నువైపు చూసినట్టు జాలిగా చూశారు. "ఒకటే ఎట్టా అవుతాయండీ? ఇది ఎఫ్ ఎయిట్. అది ఎఫ్ ఇలెవన్."

"మనిషి ఒకడే కదా."

"మనిషి ఒకడేనండి. లైటు వేరు."

"వల కూడా ఒకటేనండి" అంది మా మేడమ్. "ఇదిగో, ఈ చివర చిరుగు అన్నింట్లోనూ ఉంది. కుట్టించుకోమని చెప్పండి పాపం."

పోనీ ఒకటి ఉంచుకుని మిగతావి తీసేద్దామంటే కుదరదట. ప్రతి సభ్యుడి ఫొటో గోడ మీద ఉండి తీరాలని సంఘం నియమం. తీసేస్తే సంఘం చీలిపోతుంది. ఇదివరకు ఒకసారి సూర్యాస్తమయం విషయంలో చీలబోయిందట. నేను తల పట్టుకుని, అప్పటికి అక్కడ ఇంకా జుట్టు ఉండేది, "అయ్యా, దయచేసి నది వదిలి ఊళ్లమీద పడండి. హనుమాన్ జంక్షన్ వైపు పొలాలున్నాయి, మంగళగిరిలో మగ్గాలున్నాయి, మనుషుల్ని తీయండి" అని బతిమాలాను.

వెళ్లారు. రెండు వారాల తరవాత కొత్త ఫొటోలు పంపారు. నాట్ల దగ్గర తలపాగా చుట్టుకున్న రైతు, మగ్గం ముందు నేతగాడు, గడ్డిమోపు ఎత్తుకున్న కూలి. నా ప్రాణం లేచివచ్చింది. మా మేడమ్ మాత్రం తెరకి దగ్గరగా ముక్కు పెట్టి, "ఏవండీ, ఈ రైతు కాలి బొటనవేలికి కట్టు ఉంది చూశారా?" అంది.

"దెబ్బ తగిలి ఉంటుంది."

"నేతగాడి బొటనవేలికీ తగిలిందండి. కూలికి కూడా."

అదే మనిషి. ఆటో అతనిదే కాబట్టి అందులోనే ఎక్కి వెళ్లారు. వెళ్లినవాళ్లు అక్కడి రైతుని పక్కకి తప్పుకోమని, ఇతనికి తలపాగా చుట్టారు. అసలు నేతగాడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంటలోంచి లేచి, ఫ్రేములో పడకుండా గోడకి అంటుకుని నిలబడి, తన మగ్గం మీద ఆటో డ్రైవరు కూర్చోవడం చూశాడట. ఫోన్ చేసి అరిచాను. అధ్యక్షులవారు శాంతంగా, "కొత్తవాళ్లు కెమెరా చూస్తే బిగుసుకుపోతారండీ. ఇతనైతే అలవాటు పడ్డాడు" అన్నారు.

మా అధికారికి ఎలా చెప్పాలా అని రెండు రోజులు మజ్జిగ మీద బతికాను. చెప్పవలసిన అవసరం రాలేదు. అధ్యక్షులవారే వెళ్లి, ఇది కావాలని చేసిందే, ఒకే మనిషిలో డెల్టా అంతా చూపించే సిరీస్ అని చెప్పి వచ్చారు. మా అధికారి పరవశించిపోయి, ఆ ఆలోచన నాదేమో అనుకుని నన్ను మెచ్చుకున్నారు. నా సర్వీసులో నాకు దక్కిన ఒకే ఒక మెప్పు అది.

ఇక ప్రారంభం రేపనగా, హాల్లో ఫొటోలు తగిలిస్తున్నాం. సంఘం సభ్యులు ఎవరి ఫొటో ఎవరి ఫొటోకంటే రెండంగుళాలు ఎత్తులో ఉందో కొలుచుకుంటున్నారు. గుమ్మంలో ఖాకీ చొక్కాతో ఒకతను నిలబడ్డాడు.

"రైతు వచ్చాడండీ" అంది మా మేడమ్.

గోడ నిండా ఉన్న మనిషి. విడిగా చూస్తే పొట్టిగా, అలిసిపోయినట్టు ఉన్నాడు. తన మొహాల మధ్యలోంచి నడుచుకుంటూ, ఒక్కొక్క ఫొటో దగ్గరా ఆగుతూ వచ్చాడు. తనని చూసుకుని మురిసిపోతున్నాడనుకున్నాను. కాదు. ప్రతి ఫొటోలోనూ అతను చూస్తున్నది ఎడమవైపు మూల.

నా దగ్గరికి వచ్చి చేతులు కట్టుకున్నాడు. "సార్, మాయమ్మ పోయిందండి. ఈ ఆదివారం చర్చిలో ఆదరణ కూడిక పెట్టుకున్నాం. పాస్టరు గారు పెద్ద ఫొటో పెట్టమన్నారు. మా దగ్గర లేదండి."

"ఒక్కటీ లేదా? ఫోన్లో కూడా?"

"ఫోను ఎత్తితే కొంగు అడ్డం పెట్టుకునేదండి. ఏం చెప్పినా వినేది కాదు. ఆధార్ కార్డులో ఒకటుంది, అది చూపిస్తే మా చెల్లెలే ఎవరీవిడ అంది." గోడవైపు చెయ్యి చూపించాడు. "ఆదివారం నాతోపాటు వచ్చి ఒడ్డున కూర్చునేదండి. ఇక్కడ అయిపోగానే ఇద్దరం అట్నించటే చర్చికి పోయేవాళ్లం. ఈ సార్ల కెమెరాలు నామీద ఉండేయి కాబట్టి అక్కడ కొంగు అడ్డం పెట్టుకునేది కాదు. ఇన్ని ఫొటోల్లో ఏదో ఒకదాంట్లో పడే ఉంటదని వచ్చానండి."

నేను హాలంతా వినబడేలా అడిగాను. ఎవరి దగ్గరైనా ఆవిడ ఉన్న ఫొటో ఉందా అని.

అందరికీ ఆవిడ గుర్తుంది. ఆవిడ తెచ్చిన క్యారేజీలో ఇడ్లీలు తినని సభ్యుడు లేడు. బట్టల వ్యాపారి ఆ కారప్పొడి గురించి కళ్లు మూసుకుని మాట్లాడాడు. అధ్యక్షులవారు, "మెట్లమీద పాచి ఉంటే, డాక్టరు గారూ జారుద్ది, ఇట్టా రండి అని చెయ్యి పట్టుకుని దింపేదండీ" అన్నారు. ఫొటో మాత్రం ఎవరి దగ్గరా లేదు. కొందరు ఆవిడ రాకుండా పక్కకి జరిగి తీశారు. కొందరు తీశాక అంచు కత్తిరించారు. మిగిలినవాళ్లు తుడిచేశారు. అసలు ఫొటోలు ఉంచుకోరా అంటే, అవి ఒక్కొక్కటీ గేదెంత బరువు ఉంటాయని, వచ్చే ఆదివారానికి కెమెరా కార్డు ఖాళీ చేసుకోవాలని చెప్పారు.

నాకు అప్పుడు కోపం అరికాలినుంచి వచ్చింది. "అయ్యా, మీ లెన్సులతో చంద్రుడి మీద గుంటలు చూడొచ్చు కదా. పదడుగుల దూరంలో కూర్చుని మీకు ఇడ్లీలు పెట్టినావిడ కనబడలేదా?"

"కనబడిందండీ" అన్నారు అధ్యక్షులవారు, నిజాయితీగా. "అందుకేగా తీసేసింది."

ఆ మాట అన్నాక ఆయనకే వినబడినట్టుంది, కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. అప్పుడు చూశాను, తుడిచే విద్య మాస్టారు గోడవారగా తలుపువైపు జరుగుతున్నాడు. మా మేడమ్ వెళ్లి తలుపుకి అడ్డంగా నిలబడింది.

"మీ దగ్గరుంది కదండీ?" అంది.

"ఒకటుందండి" అన్నాడు మాస్టారు, నేలచూపులు చూస్తూ. "అదీ... అది క్లాసుదండి."

ల్యాప్‌టాప్ తెరిచాడు. కొత్త సభ్యులకి చెప్పే పాఠం. తెర మీద రెండు ఫొటోలు పక్కపక్కన ఉన్నాయి. ఒకదాని కింద 'ముందు', రెండోదాని కింద 'తరవాత' అని రాసి ఉంది. 'తరవాత'లో నది, మనిషి, వల. 'ముందు'లో నది, మనిషి, వల, ఎడమవైపు మూలన మెట్టు మీద ఒక ముసలావిడ. ఒళ్లో క్యారేజీ, నీళ్లవైపు చూస్తూ ఏదో అరవబోతున్నట్టు తెరిచిన నోరు. ఆవిడ చుట్టూ లావుపాటి ఎర్రగీతతో సున్నా చుట్టి ఉంది. పక్కన బాణం గుర్తు. బాణం దగ్గర, 'అనవసరమైనవి ముందుగా గుర్తించాలి.'

మాస్టారు తెర సగం మూసేశాడు. 

"తెరవండి సార్" అన్నాడు కొడుకు.

తెరిచాడు. అతను వంగి చాలాసేపు చూశాడు. "చలినీళ్లు, ఇంక చాల్లే, పైకి రా అంటా ఉందండి. ప్రతి ఆదివారం అదే అరుపు." తరవాత వేలు పెట్టి చూపించాడు. "ఈ ఎర్రగీత ఎందుకండీ?"

గదిలో ఉన్న చదువుకున్నవాళ్లందరం ఫ్యాను వైపు చూశాం.

"ఆవిడ ఎక్కడుందో చూసేవాళ్లకి తెలియాలి కదా, అందుకు" అంది మా మేడమ్.

అతను తల ఊపాడు. "మంచిదేనండి. లేకపోతే ఎవరు చూస్తారు."

అసలు ఫొటో మాస్టారి దగ్గర కూడా లేదు, గీత గీసిన ఈ ఒక్క కాపీ తప్ప. అందుకని ఆయన కూర్చుని ఆ సున్నాని తుడవడం మొదలుపెట్టాడు. కొండల్ని లేపేసిన చెయ్యి, ఆ రోజు ఆవిడ చెవి పక్క వెంట్రుకల దగ్గర ఒక్కొక్క చుక్కే జరిగింది. గీత పోతే చెంప పోతోంది, చెంప ఉంటే గీత ఉంటోంది. వెనకాల సంఘం మొత్తం మెడలు చాచి నిలబడింది. లైటు గురించి ఎవరూ మాట్లాడలేదు. బట్టల వ్యాపారి ఒక్కసారి, "కొంగు నీలం కాదండీ, ముదురాకుపచ్చ, నాకు గుర్తుంది" అన్నాడు. మాస్టారు మార్చాడు.

చివరికి సున్నా పోయింది, ఆవిడ మిగిలింది. మాస్టారు చెమట తుడుచుకుంటుంటే కొడుకు మళ్లీ వంగాడు. "సార్, ఆ వల కూడా తీసెయ్యండి. మాయమ్మ మోకాలికి అడ్డం వచ్చింది."

"వల తీస్తే నువ్వూ పోతావయ్యా" అన్నాను నేను.

"పోతే ఏవైందండి. మీ గోడ నిండా నేనేగా."

మాస్టారు అతన్నీ, వలనీ తుడిచేశాడు. వెనక నది ఒక్కటే మిగిలింది. ఫ్రేము ఎంత క్లీనుగా వచ్చిందంటే, అధ్యక్షులవారు అలవాటు కొద్దీ "బ్యూటిఫుల్" అనబోయి, నోరు మూసుకున్నారు.

మర్నాడు ప్రారంభోత్సవం. గుమ్మానికి ఎదురుగా, అన్నింటికంటే ముందు, ఆ ఫొటో పెట్టాం. ముఖ్య అతిథి రిబ్బను కత్తిరించి లోపలికి వచ్చి, నిలువెత్తు ఫ్రేములో ఉన్న ఆవిడ ముందు ఆగిపోయారు. కథ విన్నారు. ఆయన కళ్లు చెమర్చాయి. వెనకున్న జనం అంతా చెప్పులు విప్పారు. అధ్యక్షులవారు తన లెన్సుని ఆవిడ పాదాల దగ్గర పెట్టి నమస్కరించారు.

ఇదిగో, ఈ పై పేరా అబద్ధం. మిగతాదంతా నేను పెంచి చెప్పి ఉంటాను, సాగదీసి ఉంటాను. ఇది మాత్రం కల్పించాను. అలా జరగాలని నాకు బలంగా అనిపించింది, అందుకని రాశాను.

జరిగింది చెబుతాను. ప్రింటు పొద్దున్నే వచ్చింది. గుమ్మానికి ఎదురుగా మేకు నేనే స్వయంగా కొట్టాను, వేలు కూడా నలగ్గొట్టుకున్నాను. అతను ఆటోలో వచ్చాడు. ఎగ్జిబిషన్ అయ్యేదాకా ఇది ఇక్కడ ఉంచు, కూడికకి ఇంకో ప్రింటు తీయించి ఇస్తాను అన్నాను. తల అడ్డంగా ఊపాడు. పోనీ ఇది నువ్వు తీసుకెళ్లు, ఇంకోటి తీయించి ఇక్కడ పెట్టుకుంటాం అన్నాను. దానికీ ఒప్పుకోలేదు.

"వద్దండి. ఇన్నాళ్లూ బయటే కూర్చుంది సార్. ఇంటికి తీసుకుపోతాను."

తువ్వాలులో చుట్టి, వెనక సీటు మధ్యలో నిలబెట్టి, పడకుండా తాడు కట్టాడు. రోడ్డు మలుపులో ఒకాయన చెయ్యి ఎత్తితే ఆపకుండా వెళ్లిపోయాడు.

మేకు అలాగే ఉండిపోయింది. పీకుదామంటే ఎవరికీ చెయ్యి రాలేదు. ముఖ్య అతిథి గంట ఆలస్యంగా వచ్చి, వేరే సభకి తొందరపడుతూ, నడుస్తూనే ఆ ఖాళీ గోడ చూపించి, "ఇక్కడ ఏదో పడిపోయినట్టుంది" అన్నారు.

నేను ఏదో ఒకటి అల్లి చెప్పేవాణ్నే. నోరు తెరిచేలోపు పక్కనున్న అధ్యక్షులవారు అందుకున్నారు.

"పడిపోలేదండీ" అన్నారు. "అక్కడ ఒకావిడ ఉండాలి."